ఇరవై మూడు థాంక్యూ ఉత్తరాలు

డెబ్భై నాలుగేళ్ళ బతుకులో ఈనిడ్ గార్బట్ స్కెల్బెక్ హాల్‌లోకి ముందు తలుపులోంచి అడుగుపెట్టడం అదే మొదలు. వెనక తలుపు ఆవిడకి బాగా తెలుసు. వాళ్ళమ్మ ప్రతి సోమవారం ఆ ఇంటి దుప్పట్లు ఉతకడానికి వెళ్ళేది, ఈనిడ్ సబ్బు బుట్ట పట్టుకుని వెనకాలే నడిచేది. ముందు తలుపు దొరలది. ఇప్పుడు హోటల్ అయింది కాబట్టి ముందే డబ్బు కట్టిన ఎవరిదైనా.

శనివారం మధ్యాహ్నం మూడింటికి, ఒక చేత్తో పాత గట్టి సూట్‌కేసు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని, కంకర దారి పొడుగునా చప్పుడు చేసుకుంటూ నడిచొచ్చింది. కౌంటర్ వెనక జెమైమా అనే పిల్ల కూర్చుని ఉంది. పట్నం పిల్ల, ఊళ్ళో ఎవరు ఎవరో తెలీదు.

"కారు ఎక్కడ పెట్టారు మేడమ్?"

"కారు లేదు."

"మరి ఎలా వచ్చారు?"

"కాళ్ళతో."

జెమైమా నవ్వాలో వద్దో తేల్చుకోలేక కంప్యూటర్ వైపు చూసింది. "చాలా దూరం నుంచా?"

"మీ గేటు ఎదురిల్లే."

సామాను మోసే సిరిల్ వచ్చాడు. ఈనిడ్‌నీ సూట్‌కేసునీ చూసి మొహం మాడ్చుకున్నాడు. ఇద్దరూ ఊరి బడిలో ఒకే తరగతి. పద్నాలుగో ఏట ఈ ఇంట్లో బూట్లు తుడవడానికి చేరినవాడు, యజమానులు మారినా తను మారలేదు. మెట్ల మలుపు తిరిగేదాకా ఊరుకుని, అక్కడ సూట్‌కేసు దించేశాడు.

"ఏం పనే నీకిక్కడ?"

"మా మహిళా సంఘం వాళ్ళు నా పుట్టినరోజుకి కానుక ఇచ్చారు. రెండు రాత్రులు, టీ, భోజనాలు అన్నీ కలిపి."

"నీ పుట్టినరోజు నవంబరులో."

"ముందే ఇచ్చారు."

"మా యజమానికి తెలిస్తే ఒంటికాలి మీద లేస్తాడు."

"లేవనీ. ఆ కాలు కూడా నేలమీదే కదా ఉండేది."

కానుక మాట నిజమే, కానీ ఎందుకిచ్చారో అది వేరే సంగతి. ఊరికీ ఏటి పక్కన పాత మిల్లుకీ మధ్య ఈ హాల్ తాలూకు పార్కు ఉంది. పార్కులోంచి కాలిదారిన పోతే మిల్లు పదకొండు నిమిషాలు. రోడ్డు మీద పోతే ఐదు మైళ్ళు, అదీ రాళ్ళ క్వారీ లారీలతో, పక్కన నడవడానికి జానెడు జాగా లేని రోడ్డు. మిల్లు పక్కన గుడిసెలాంటి ఇంట్లో ఈనిడ్ తమ్ముడు విల్ఫ్ ఒక్కడే ఉంటాడు. క్వారీలో పనిచేసి ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకున్న మనిషి. నలభై అడుగులు నడిస్తే ఆగి ఆయాసం తీర్చుకోవాలి. అతనికి రోజూ మధ్యాహ్నం వేడి భోజనం గిన్నెలో పెట్టుకుని ఆ దారినే తీసుకెళ్ళేది ఈనిడ్. మొన్న మార్చిలో కొత్త యజమాని పియర్స్ హాడన్ దారికి రెండు చివరలా గేట్లకి తాళాలు వేశాడు. ఊరివైపు గేటుకి ముళ్ళతీగ కూడా చుట్టించాడు. ఈనిడ్‌కి చూపు మందగించి కారు నడపడం మానేసి ఆరేళ్ళయింది. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం రొట్టెల బండి అబ్బాయి ఎక్కించుకుపోతేనే తమ్ముణ్ణి చూడటం. మేలో ఒక బుధవారం విల్ఫ్ వంటింట్లో పడిపోయి, శుక్రవారం ఆ బండి వచ్చేదాకా లేవలేకపోయాడు. తలదగ్గర కుక్క తాగే నీళ్ళ గిన్నె ఉండబట్టి బతికాడు.

దారి తెరిపించమని ఊరు కౌంటీ అధికారులకి అర్జీ పెట్టింది. వచ్చే గురువారం విచారణ. ఆ దేశపు చట్టం ఒక విధంగా మంచిది. ఇరవై ఏళ్ళపాటు జనం ఒక దారిన బాహాటంగా, బలవంతం చెయ్యకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా నడిస్తే, ఆ దారి జనానిదే. అయితే ఆ చివరి షరతు దగ్గరే తిరకాసంతా ఉంది. అనుమతి తీసుకుని నడిస్తే మాత్రం వందేళ్ళు నడిచినా అది యజమాని దయ కింద లెక్క. దయ అంటే తల్చుకున్నప్పుడు తాళం వెయ్యొచ్చు. ఈ సంగతులన్నీ రిటైరైన పంతులు లెస్లీ చదివి చెప్పాడు. "నేలమీద దారి జాడ కనబడాలి ఈనిడ్. లోపలికెళ్ళి ఫోటోలు తియ్యాలి. లోపలికెళ్ళాలంటే బస చెయ్యడమొక్కటే మార్గం," అన్నాడు. అలా వచ్చింది కానుక.

గది చూరు కింద ఉంది. స్నానాల తొట్టికి సింహం పాదాలున్నాయి. మంచం మీద తొమ్మిది దిండ్లున్నాయి. ఈనిడ్ ఎనిమిదింటిని తీసి బీరువాలో కుక్కింది. కిటికీ తెరిస్తే పార్కంతా కాళ్ళ కింద పరిచినట్టుంది, అందులో వంకర టింకరగా మిల్లువైపు పోతున్న చారిక. పద్నాలుగు వారాలుగా ఎవరూ తొక్కకపోయినా అక్కడ గడ్డి మిగతా గడ్డితో కలవలేదు. పైనుంచి చూస్తే పాపిడి తీసినట్టే ఉంది. తను, తన అమ్మ, అమ్మమ్మ, క్వారీ మగవాళ్ళు, మిల్లు ఆడవాళ్ళు వేసిన పాపిడి. ఫోనుతో పదహారు ఫోటోలు తీసింది. బల్లమీద ఉన్న కార్డులో 'మా అతిథులు పార్కులో స్వేచ్ఛగా విహరించవచ్చు' అని బంగారు అక్షరాలున్నాయి. దాన్నీ తీసింది.

టీ వేళకి హాడన్ అతిథుల మధ్య తిరుగుతున్నాడు. లండన్‌లో కంపెనీలు కొని అమ్మేవాడు. పాత యజమానురాలు మిసెస్ వెరాల్ పోయాక రెండేళ్ళ క్రితం ఈ ఇల్లు కొన్నాడు. మోచేతుల దగ్గర అతుకులున్న కోటు కొత్తగా కొనుక్కుని తొడుక్కునే రకం.

"మా స్కోన్ రొట్టెలు ఎలా ఉన్నాయండీ?"

"గట్టిగా ఉన్నాయి."

"మా వంటతను పారిస్‌లో నేర్చుకున్నాడు."

"అదే అనుకున్నా."

హాడన్ నవ్వాడు. "క్షమించాలి, మీ పేరు?"

"గార్బట్. ఈనిడ్ ఎమ్ గార్బట్. మీరు చదివే ఉంటారు. అర్జీలో మొదటి సంతకం నాదే."

నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం అందులోంచి లేచి వెళ్ళిపోయాయి. "ఓహో. మీరేనా. మా ఇంట్లో అతిథిగా దిగారన్నమాట. ఎంత సంతోషం."

"నాకూ అంతే సంతోషం."

"మా పార్కు చూశారా?"

"డెబ్భై నాలుగేళ్ళుగా చూస్తున్నా."

"అయితే ఈసారి పిలిచినవాళ్ళలా చూడండి. తేడా తెలుస్తుంది." పక్క బల్ల దగ్గరున్న జంటవైపు తిరిగి, ఈనిడ్‌కి వినపడేలా, "ఊళ్ళోవాళ్ళు కూడా వస్తుంటారు. మాకు ఆ తేడాలేం లేవు," అన్నాడు.

ఈనిడ్ మిగిలిన రెండు స్కోన్లూ, ఇంత వెన్నా రుమాల్లో మూటకట్టి, అందరూ చూస్తుండగా సంచిలో వేసుకుని లేచింది.

దారి మీద అడుగుపెట్టగానే కాళ్ళు వాటంతటవే నడిచాయి. మిల్లువైపు గేటు పొలం గేటే, ఛాతీ ఎత్తు, అడ్డంగా ఐదు ఇనప కమ్మీలు. అవతల విల్ఫ్ వంటింటి కుర్చీ ఒకటి తెచ్చుకుని కూర్చుని ఉన్నాడు. కుర్చీ అక్కడిదాకా మోసుకురావడానికి ఎంతసేపు పట్టిందో అతని పెదాల రంగు చెబుతోంది.

"వచ్చావా మహారాణీ. పక్క మెత్తగా ఉందా?"

"తొమ్మిది దిండ్లు."

"తొమ్మిది తలకాయలున్నవాళ్ళు దిగుతారేమో." స్కోను కమ్మీల సందులోంచి అందుకుని కొరికాడు. "ఇది తినడానికా, మేకులు కొట్టడానికా?"

"నములు. నిన్నేం తిన్నావు?"

"బీన్సు."

"మొన్న?"

"అదే డబ్బాలో మిగిలినవి." ఊపిరి కోసం ఆగాడు. "నన్నా ముసలాళ్ళ ఆశ్రమానికి పంపిస్తానని మాత్రం అనకు. నర్సు వచ్చి మళ్ళీ అదే పాట పాడింది. దారి తెరవకపోతే సెప్టెంబరుకల్లా అక్కడికేనట. అక్కడ కుక్కల్ని రానివ్వరు."

"గురువారం అయిపోనీ. దారి మనది."

"నీదీ నాదీ కాదు. అందరిదీ. అది గుర్తుపెట్టుకుని మాట్లాడు అక్కడ. నీకు పెద్దమనుషుల ముందు వంగే జబ్బుంది."

"నోర్ముయ్ విల్ఫ్."

"అదుగో, ఆ గొంతు అక్కడ తియ్యి."

ఏడింటికి రాత్రి భోజనం. దానికి ముందు ఈనిడ్ చేతులు కడుక్కుందామని కింద హాలు పక్కనున్న మరుగుదొడ్డిలోకి వెళ్ళింది. ఆ దేశంలో పెద్దిళ్ళవాళ్ళకి ఒక అలవాటుంది, బడి ఫోటోలు, పందెంలో గెలిచిన రిబ్బన్లు, నవ్వొచ్చే పాత కాగితాలు ఫ్రేము కట్టించి మరుగుదొడ్డి గోడలకి తగిలిస్తారు. హాడన్ ఆ అలవాటు కూడా ఇంటితోపాటే కొన్నట్టున్నాడు. తువ్వాలు అందుకోబోతూ తల ఎత్తిన ఈనిడ్‌కి ఎదురుగా నాలుగు ఫ్రేముల్లో తన చేతిరాత కనిపించింది.

నీలం సిరా. గుండ్రటి అక్షరాలు. ముళ్ళ అంచుల హాలీ చెట్టు ఆకుల బొమ్మ ఉన్న క్రిస్మస్ కాగితం.

'ప్రియమైన మిసెస్ వెరాల్, ఈ ఏడాది కూడా మీ పార్కులోంచి మమ్మల్ని దయతో నడవనిచ్చినందుకు ఊరందరి తరఫునా మీకు థాంక్యూ. మీకూ మీ కుక్కలకూ క్రిస్మస్ శుభాకాంక్షలు. ఈనిడ్ గార్బట్, కార్యదర్శి, మహిళా సంఘం.'

మిగతా మూడూ అంతే, ఏడాది అంకె ఒక్కటే తేడా.

ఈనిడ్ మరుగుదొడ్డి మూత వేసి దానిమీద కూలబడింది. ఇరవై మూడేళ్ళు రాసింది తను. ఎవరూ రాయమనలేదు. ఎవరి వాకిట్లోంచి నడిచినా థాంక్యూ చెప్పాలని అమ్మ నేర్పింది. బస్సు దిగితే డ్రైవరుకి థాంక్యూ. పన్ను పీకితే డాక్టరుకి థాంక్యూ. ఎవరైనా తన కాలు తొక్కినా ముందు సారీ చెప్పేది తనే. ఆ వరసలోనే ఏటేటా డిసెంబరులో కూర్చుని, తనదైన దారికి, ఇంకొకరికి థాంక్యూ చెప్పి, కింద సంతకం పెట్టి, స్టాంపు అంటించి పంపింది. మా హక్కు మీ దయ అని ఇరవై మూడు సార్లు రాసిచ్చింది.

ఫ్రేము తీసి సంచిలో పెట్టుకోవాలనిపించింది. చెయ్యి కూడా వెళ్ళింది. స్క్రూలతో బిగించారు.

భోజనాల గదిలో గొడ్డుమాంసం, యార్క్‌షైర్ పుడ్డింగ్ వచ్చాయి. పొంగి ఉండాల్సిన పుడ్డింగ్ అణిగిపోయి ఉంది. ఈనిడ్ దాన్ని ఫోర్కుతో తిరగేసి చూస్తుండగా హాడన్ వచ్చి, అడక్కుండానే ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చేతులు కడుక్కున్నారట కదా. జెమైమా చెప్పింది, మీరు చాలాసేపు లోపల ఉండిపోయారని."

ఈనిడ్ పుడ్డింగ్‌ని ఇంకోసారి తిరగేసింది.

"మీ చేతిరాత చూసి మా ఆవిడ ముచ్చటపడిపోయింది. ఈ రోజుల్లో ఇలా ఎవరు రాస్తారు, తగిలిద్దాం అంది. అప్పటికి మీ అర్జీ ఇంకా రాలేదు. అది వచ్చాకే నాకు ఆ కాగితాల విలువ తెలిసింది. తక్కిన పంతొమ్మిదీ మా లాయరు దగ్గరున్నాయి. గోడమీదివి అందానికి ఉంచాం." గ్లాసులో నీళ్ళు తనే పోశాడు ఆవిడకి. "చూడండి, నేను రాక్షసుణ్ణి కాదు. మీ తమ్ముడి సంగతి విన్నాను. నాకు ఊరంతా అక్కర్లేదు, కుక్కలూ సైకిళ్ళూ అక్కర్లేదు. మీరొక్కరు నడవండి."

జేబులోంచి ఒక తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. దానికింద మడిచిన కాగితం.

"రెండు గేట్లకీ ఇదే. రోజూ పన్నెండు నుంచి రెండు దాకా. నా అనుమతితో నడుస్తున్నట్టు ఈ కాగితం మీద ఒక్క సంతకం. రేపు పొద్దున ఫలహారం దగ్గర ఇవ్వండి చాలు."

తాళంచెవికి ఎర్ర రిబ్బను కూడా కట్టి ఉంది. ఈనిడ్ గొంతులోకి ఆ మాట వచ్చేసింది. ఎవరైనా ఏదైనా చేతికందిస్తే వచ్చే మాట, డెబ్భై నాలుగేళ్ళుగా తుమ్ములా దానంతటదే వచ్చే మాట. ఆవిడ ఆదరాబాదరాగా ఒక ముక్క మాంసం నోట్లో పెట్టుకుని నమలడం మొదలెట్టింది. హాడన్ కొంచెంసేపు చూశాడు. ఆవిడ నములుతూనే ఉంది. అతను లేచి వెళ్ళాడు.

తెల్లారి ఆరింటికి ఈనిడ్ వెనక మెట్లు దిగి బూట్ల గదికి వెళ్ళింది. సిరిల్ అతిథుల బురద బూట్లు వరసగా పెట్టుకుని గీకుతున్నాడు.

"ఆ ఉత్తరాలు గోడమీద ఉన్నాయని నీకు తెలుసా?"

"స్క్రూలు బిగించింది నేనే."

"ఒక్క మాట చెప్పలేదు నాకు."

"ఏం చెప్పమంటావు? రాసిందానివి నువ్వు. ఊరంతా నోరుమూసుకుని నడిచి ఊరుకుంటే సరిపోయేది. నీకే మర్యాద ఎక్కువై పొంగిపొర్లింది." బ్రష్ విసిరి డబ్బాలో వేశాడు. "మిసెస్ వెరాల్‌కి కూడా అర్థమయ్యేది కాదు. ఏటా ఫలహారం దగ్గర నీ ఉత్తరం పైకి చదివి, ఈ గార్బట్ మనిషి దేనికి థాంక్స్ చెబుతోంది సిరిల్, నేనేమిచ్చాను ఆవిడకి, అనేది. సొరుగులో పారేసేది."

ఈనిడ్ తలుపు పట్టుకుని నిలబడింది. "అలా అనేదా?"

"నా ముందరే. నీకెప్పుడైనా జవాబు రాసిందా?"

రాయలేదు. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఆ సంగతి ఈనిడ్ ఇరవై మూడేళ్ళు కడుపులో పెట్టుకుని కుళ్ళింది. ఎంత పొగరు ముసల్దానికి, ఒక కార్డుముక్క రాయడానికి చేతులు రాలేదు, అని మహిళా సంఘంలో చెప్పని రోజు లేదు. మిసెస్ వెరాల్ చచ్చిపోతే శవపేటిక వెనక నడుస్తూ కూడా అదే తల్చుకుంది. ఆ పొగరే ఇప్పుడు పనికొచ్చేట్టుంది. అడగనిదానికి థాంక్స్ వచ్చాయి, ఇవ్వనిదానికి జవాబు రాయలేదు. అయితే అనుమతి ఎవరిచ్చినట్టు?

"సిరిల్, ఆ మాట గురువారం వచ్చి చెప్పు."

"చెప్పను."

"విల్ఫ్‌ని ఆశ్రమానికి పంపేస్తారు."

"నన్నెక్కడికి పంపుతారు? గుర్రపుశాల మీద ఒక గది, అదీ ఈయన ఉంచితే. నాకు తమ్ముడు లేడు, అక్క లేదు, వేడి భోజనం తెచ్చేవాళ్ళు లేరు. నువ్వు నాకు చిన్నప్పుడు కూడా ఏమీ పెట్టలేదు ఈనిడ్, రబ్బరు కూడా అరువివ్వలేదు." తలెత్తకుండా ఇంకో బూటు తీసుకున్నాడు. "నేనేం వినలేదు. నువ్విక్కడికి రాలేదు."

"పిరికి గొడ్డువి నువ్వు."

"అవును. పో."

ఆవిడ పోయింది. పోతూ తలుపు గట్టిగా వేసింది. జీవితంలో ఎవరి తలుపూ అలా వేసి ఎరగదు. మెట్లెక్కుతుంటే అరచేయి మండింది, బావుంది కూడా.

ఆదివారం ఫలహారానికి గది నిండా జనం. పొగబెట్టిన చేపలు, గుడ్లు, నారింజ మార్మలేడు. హాడన్ బల్ల బల్లకీ తిరుగుతూ చివరికి ఈనిడ్ దగ్గరికి వచ్చి, నలుగురూ వినేలా, "బాగా నిద్రపట్టిందా మిసెస్ గార్బట్? మా చిన్న కానుక అందుకున్నారుగా?" అన్నాడు.

ఈనిడ్ సంచి తెరిచి తాళంచెవి తీసి అతని అరచేతిలో కాక, మార్మలేడు పళ్ళెం పక్కన పెట్టింది. కాగితం కూడా, సంతకం లేకుండా.

"నాకక్కర్లేదు."

"ఏమన్నారు?"

"నా దారికి నీ తాళంచెవి నాకెందుకు?"

ఆ ఏకవచనానికి పక్క బల్లమీది చెంచాలు ఆగాయి. హాడన్ చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "మీ తమ్ముడు ఆకలితో ఉంటాడమ్మా."

"ఉంటాడు. తాళం వేసింది నువ్వు. ఉత్తరాల మాట అంటావా, రాశాను. ఇరవై మూడు రాశాను. మిసెస్ వెరాల్ ఒక్కదానికీ జవాబివ్వలేదు. గురువారం ఆ మాటే ప్రమాణం చేసి చెబుతాను. నాకు బుద్ధిలేక థాంక్స్ చెప్పానని కూడా చెబుతాను. అందరూ నవ్వితే నవ్వనీ."

"మీకు పదకొండుదాకా సమయముంది," అన్నాడు హాడన్. "రేపటి పదకొండు. రెండో రాత్రి కూడా మీకు రాసే ఉంది. కావాలంటే హాయిగా పార్కులో తిరగండి. ఆ తర్వాత అడుగుపెడితే పోలీసులకి ఫోన్ చేస్తాను."

"రెండో రాత్రి నీ దగ్గరే ఉంచుకో."

ఆవిడ పైకెళ్ళి సూట్‌కేసు సర్దుకుంది. కిందికొచ్చి గది తాళం కౌంటరు మీద పెట్టింది.

"ఖాళీ చేస్తున్నానని ఒక కాగితం ఇయ్యి. టైము కూడా వెయ్యి."

"ఇంకా ఒక రాత్రి ఉంది కదా మేడమ్," అంది జెమైమా. "ఏదైనా లోపం జరిగిందా?"

"పుడ్డింగ్ అణిగిపోయింది. అది కాదు కారణం. ఆదివారం, పదీ నలభై, ఈనిడ్ గార్బట్ ఇక ఈ హోటల్ అతిథి కాదు. అలా రాయి."

జెమైమా అలాగే రాసింది. ఆ పిల్ల రాత పిచ్చుకలు బరికినట్టుంది, అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఈనిడ్ కాగితం మడిచి రవికలో దోపుకుంది. కంకర దారివైపు కాక, పక్కనున్న గాజు తలుపు తోసుకుని నేరుగా గడ్డిమీదికి దిగింది.

గడ్డిలో కర్రబంతులాట ఆడుతున్న నలుగురు అతిథులు ఆగి చూశారు. సూట్‌కేసు ఒకవైపు బరువుకి వంగి, టోపీ పక్కకి ఒరిగి, ముసలావిడ వాళ్ళ ఆట మధ్యలోంచి నడిచిపోయింది. సారీ చెప్పలేదు. నిన్న అతిథిగా, అనుమతితో తొక్కిన నేల, ఇవాళ హక్కుతో తొక్కుతోంది. నేల ఒకటే.

సగం దూరంలో వెనక అడుగులు. హాడన్ ఒక్కడే, చేతిలో ఇంకా ఫలహారం రుమాలు ఉంది.

"మిసెస్ గార్బట్, ఆగండి. మీరిప్పుడు అతిథి కారు. జెమైమా చెప్పింది."

"కాను."

"అయితే మీరు నా నేలమీద నా అనుమతి లేకుండా ఉన్నారు."

"గట్టిగా చెప్పు. వాళ్ళకి వినపడాలి."

"నా అనుమతి లేదు," అన్నాడు హాడన్, నిజంగానే గట్టిగా. ఆటవాళ్ళు బంతి వదిలేసి దగ్గరికి వచ్చారు. ఒకాయన, "ఏమైనా సాయం కావాలా?" అని ఎవర్నో తెలియకుండా అడిగాడు.

ఈనిడ్ నడుస్తూనే ఉంది. గేటు అవతల విల్ఫ్ నిన్నటి కుర్చీలోనే ఉన్నాడు. నిన్న మోసుకెళ్ళే ఓపిక లేక దాన్ని అక్కడే వదిలేసినట్టున్నాడు. అక్కని చూసి, అక్క వెనక ఊరేగింపుని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమే, పెళ్ళివారిని కూడా తెచ్చావా?"

"కుర్చీ గేటుకి ఆనించి పెట్టు."

"దేనికి?"

"దిగడానికి."

"నీకు డెబ్భై నాలుగు."

"నువ్వే లెక్కపెట్టు, నేను ఎక్కుతా."

సూట్‌కేసు నిలువుగా గేటు పక్కన పెట్టి దానిమీద ఒక కాలు వేసింది. రెండో కాలు మూడో కమ్మీ మీద. లంగా మోకాళ్ళ పైకి పోయింది, పోనిచ్చింది. గేటు పైకమ్మీ మీదికి వంగేసరికి సూట్‌కేసు కింద ఒరిగింది, ఈనిడ్ ఊగింది.

హాడన్ చెయ్యి చాచాడు. ఆలోచించి చాచలేదు. ఆడమనిషి పడబోతే చెయ్యి అందించమని అతనికీ ఎవరో ఒక అమ్మ నేర్పింది. ఈనిడ్ మోచేయి గట్టిగా పట్టుకుని నిలబెట్టాడు.

"వదులు," అంది ఈనిడ్.

"పడిపోతారు."

"పడనీ. వదులు."

"వదలవయ్యా," అన్నాడు విల్ఫ్ అవతలినుంచి ఆయాసపడుతూ. "నువ్వు దాటిస్తే దాటినట్టు కాదు. లెస్లీ చెప్పాడు."

హాడన్ వదిలేశాడు. ఈనిడ్ పైకమ్మీ మీద పొట్ట ఆనించి, ఒక కాలు అవతల వేసి, మేజోడు చిరిగే చప్పుడు విని, రెండో కాలు లాక్కుని, కుర్చీమీద పడ్డట్టుగా దిగింది. ఒక మోకాలు చెక్కుకుపోయింది. విల్ఫ్ ఆవిడ భుజం పట్టుకున్నాడు, పట్టుకున్నాడో ఆనుకున్నాడో తెలియకుండా. ఇద్దరూ ఊపిరి కోసం ఆగారు.

సూట్‌కేసు ఇవతలే ఉండిపోయింది, గడ్డిలో పక్కకి పడి. హాడన్ దాన్ని చూశాడు. ఆటవాళ్ళు నలుగురూ అతన్ని చూస్తున్నారు. ఒక ముసలావిడ సామాను గడ్డిలో పడుంటే, పక్కన నిలబడ్డ మగవాడు చెయ్యాల్సింది ఒకటే ఉంది ఆ దేశంలో. అతను వంగి, సూట్‌కేసు ఎత్తి, దాని పక్కకంటిన మట్టి తన రుమాలుతో తుడిచి, గేటు మీదినుంచి అందించాడు.

ఈనిడ్ అందుకుంది.

ఆ మాట వచ్చేసింది. నాలుక కొసకి, పళ్ళ దాకా వచ్చేసింది. హాడన్ కూడా అక్కడే నిలబడి ఉన్నాడు, కావాలని కాదు, సామాను అందించినవాడు ఆ మాట వినేదాకా కదలకూడదన్నట్టుగా, కొంచెం ముందుకి వంగి, మొహం మీద ఆ ఎదురుచూపుతో. ఆటవాళ్ళు కూడా ఎదురుచూస్తున్నారు. ఆట కర్ర పట్టుకున్న ఒకావిడ టోపీ గాలికి ఎగిరింది, ఎవరూ అటు చూడలేదు.

ఈనిడ్ దవడలు బిగించింది. నెత్తురు చెంపల్లోకి పొంగింది. పన్ను పీకించుకున్న రోజు కూడా ఇంత బాధపడలేదు.

"పద విల్ఫ్," అంది. "ఇంట్లో బంగాళాదుంపలున్నాయా?"

"నాలుగున్నాయి. మొలకలొచ్చాయి."

"మొలకలు తీసేస్తా."

సూట్‌కేసు ఒక చేత్తో, కుర్చీ ఇంకో చేత్తో పట్టుకుని నడిచింది. విల్ఫ్ నలభై అడుగులకి ఆగాడు. ఆవిడా ఆగింది, వెనక్కి తిరక్కుండా. హాడన్ ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు.